ఇంటి గుట్టు చెప్తే తప్పా?

నల్లగొండ, పాలమూరు ఊళ్ల నుంచి వచ్చిన మనం స్టేజీ ఎక్కి "మా నాయిన బొంబాయికి వలసపోయి, కూలి చేసి చదివించిండు" అంటే చప్పట్లే చప్పట్లు. "తాగొచ్చి అమ్మను కొట్టేటోడు" అని మాత్రం ఎవరం చెప్పం. ఇంటి గుట్టు లంకకు చేటు కదా!

వరంగల్ ఆర్ఈసీలో చదివిన గిడ్ల సుజాత తన కుటుంబం గురించి 2017లో వచ్చిన 'యాంట్స్ అమంగ్ ఎలిఫెంట్స్'లో రెండూ రాశారు. కులం, పేదరికం ఎట్లా నలిపాయో చెప్పారు. భర్త చేతిలో అమ్మ మంజుల తిన్న దెబ్బలూ దాచలేదు. మేనమామ, విప్లవకవి శివసాగర్‌నీ దేవుణ్ని చేయలేదు.

పేదరికం ఉందని దెబ్బలను మాఫీ చేస్తే, అమ్మ కష్టం లెక్కలోకే రాదు. నాయిన చెమట గురించి రాద్దాం. అమ్మ ఏడుపు గురించి కూడా రాద్దాం.