ప్యాకెట్టు టిఫిన్లు - కొనేముందు చదవండి

"డాక్టరుగారూ! ఎనిమిదింటికల్లా ఇద్దరం ఆఫీసులకు పరుగెత్తాలి. పప్పు నానబోసి రుబ్బే తీరిక లేదు. ప్యాకెట్టు టిఫిన్లు తింటే ప్రమాదమా?" అని అడిగే ఇల్లాళ్లు ఎక్కువయ్యారు. అప్పుడప్పుడు తింటే భయపడవలసిందేమీ లేదు. రోజూ తినేవారు మాత్రం ప్యాకెట్టు వెనకవైపు అచ్చువేసింది చదవడం నేర్చుకోవాలి.

ఆ మధ్య ఒక ఆదివారం మా ఇంట్లో నాలుగు రకాలు చేసి చూశాం: రవ్వ ఇడ్లీ మిక్సు, ఉప్మా మిక్సు, మసాలా ఓట్సు, కార్న్‌ఫ్లేక్సు. పక్కవాటావారూ, నా స్నేహితుడి కుటుంబమూ వచ్చారు. రవ్వ ఇడ్లీ అందరికీ నచ్చింది. ఉప్మా ఫరవాలేదన్నారు. పిల్లలు కార్న్‌ఫ్లేక్సు మీద పంచదార చల్లుకుని తిన్నారు. పదిన్నరకల్లా మళ్లీ ఆకలన్నారు. అందులో పీచూ, మాంసకృత్తులూ తక్కువ. త్వరగా అరిగిపోతుంది.

మసాలా ఓట్సు మా స్నేహితుడికి అలవాటే. "ఆరోగ్యానికి మంచిదని రోజూ ఇదే తింటున్నాను. మాత్రలు వేసుకుంటున్నా రక్తపు పోటు దిగడంలేదు" అన్నాడు. ప్యాకెట్టు తెప్పించి సోడియం అంకె చూపించాను.

ఈ లెక్క మీరూ గుర్తుంచుకోండి. సోడియం అంకెను రెండున్నరతో హెచ్చిస్తే ఉప్పు ఎంతో తెలుస్తుంది. 800 మిల్లీగ్రాముల సోడియం అంటే 2 గ్రాముల ఉప్పు. పెద్దవారు రోజు మొత్తానికి తినే ఉప్పు 5 గ్రాముల లోపే వుండాలని ప్రపంచ ఆరోగ్యసంస్థ సలహా. అంటే ఒక చిన్న చెంచాడు. ఒక్క టిఫిన్‌తోనే 2 గ్రాములు పోతే మిగతా రోజంతా పప్పు, కూర, ఆవకాయ మాటేమిటి? ఇడ్లీ మిక్సులు పొంగడానికి వేసే సోడాలోనూ సోడియం వుంటుంది. అది నాలుకకు ఉప్పగా తెలియదు.

ఇంకో సంగతి. ఆ అంకెలు 100 గ్రాములకా, ఒకసారి తినే పాలుకా అన్నది చూడండి. కలిపిన పదార్థాల పేర్లు బరువునుబట్టి ఎక్కువనుంచి తక్కువకు వరుసగా వేస్తారు. మొదటి మూడింటిలో పంచదారో, మైదాపిండో కనబడితే, ముందువైపు ఎన్ని ధాన్యాల బొమ్మలున్నా అది రోజూ తినదగింది కాదు.

తీరిక లేనివారికి మన వంటింట్లోనే మార్గాలున్నాయి. అటుకుల ఉప్మా పది నిమిషాల పని. ఆదివారంనాడు రవ్వ వేయించి డబ్బాలో పోసుకుంటే వారమంతా వస్తుంది. పెసలు రాత్రి నానబోస్తే చాలు, పెసరట్టు పిండి పులియనక్కరలేదు. ఓట్సే కావాలంటే మసాలా లేనివి కొని, కూరముక్కలు వేసి, చిటికెడు ఉప్పుతో వండుకోండి. మిక్సు వాడిననాడు గుప్పెడు కూరముక్కలు కలిపి, పక్కన ఒక ఉడికించిన గుడ్డో, మొలకెత్తిన పెసలో పెట్టుకోండి. పచ్చడి మానండి.

మా స్నేహితుడు మసాలా ఓట్సు మాని సాదావి వండించుకుంటున్నాడు. ఊరగాయ తగ్గించాడు. నెలరోజుల తర్వాత చూస్తే పోటు కొంత దిగింది. అయినా మాత్రలు మానవద్దని గట్టిగా చెప్పాను. ఉప్పు తగ్గించడం మందుకు తోడే కాని, మందుకు బదులు కాదు.

చివరగా చక్కెరవ్యాధికి ఇన్సులిన్ గాని, మాత్రలు గాని వాడేవారికి ఒక హెచ్చరిక. తీరిక లేదని మందు మాత్రం వేసుకుని, టిఫిన్ మానేసి బస్సెక్కకండి. రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోయి చెమటలు, వణుకు, స్పృహ తప్పడం జరగవచ్చు. అలాంటి ఉదయం ప్యాకెట్టు ఉప్మా అయినా సరే, తినే బయలుదేరండి.