ఆగిన సర్వరుకీ అద్దె ఉంటుంది

దసరా సెలవులకి మధిర వెళ్లే ముందు రోజు రాత్రి మా మినీ ప్రాజెక్టు సర్వర్లు మూడింటినీ ఆపేశాను. నేనే రాసిన పైథాన్ స్క్రిప్టు "నడుస్తున్న సర్వర్లు: 0" అని చూపించింది. నిశ్చింతగా రైలెక్కాను. నెలాఖరుకి నాన్న కార్డు మీద 1,140 రూపాయలు పడ్డాయి. ఏ కంపెనీ క్లౌడ్ అన్నది ఇక్కడ అనవసరం, తప్పు నాదే. సర్వర్లు ఆగాయి గానీ వాటి డిస్కులు అలాగే ఉన్నాయి. డిస్కుకి అద్దె నడుస్తూనే ఉంది.

ఫోన్లో నాన్నకి ఇదంతా వివరించబోయాను. నేను సగం చెప్పేసరికే ఆయనకి అర్థమైపోయింది. "కోల్డ్ స్టోరేజీలో బస్తాలేసి తాళం పెడితే అద్దె ఆగుద్దారా? సరుకు అమ్ముడుపోవాలి, లేదా మనం తెచ్చేసుకోవాలి" అన్నాడు. మా తేజ మిర్చి అప్పటికి ధర కోసం కోల్డ్ స్టోరేజీలోనే ఎదురుచూస్తోంది లెండి. ఆ బాధ కూడా ఆ మాటలో కొంత ఉంది.

అప్పటి నుంచి నా బుర్రలో ఒకటే ప్రశ్న. నా ప్రోగ్రాములో సర్వరుని నేను ఎలా రాసుకున్నాను? ఒక క్లాసు, అందులో పేరు, ఐపీ అడ్రసు, "ఈజ్ రన్నింగ్" అనే ఒక బూలియన్. అంతే. ఆపిన సర్వరూ ఫాల్సే, పూర్తిగా తొలగించిన సర్వరూ ఫాల్సే. అమ్మేసిన బస్తా, గోదాములో ఉన్న బస్తా రెండింటికీ ఒకే గుర్తు వేసి లెక్క రాసినట్టు. ఆ ఒక్క బూలియన్ ఖరీదే 1,140.

పెద్దవాళ్లు రాసిన లైబ్రరీలు తెరిచి చూస్తే సిగ్గేసింది. అమెజాన్‌లో ఒక వర్చువల్ సర్వరుకి ఆరు స్థితులున్నాయి: పెండింగ్, రన్నింగ్, స్టాపింగ్, స్టాప్డ్, షటింగ్ డౌన్, టెర్మినేటెడ్. అపాచీ లిబ్‌క్లౌడ్ అనే పైథాన్ లైబ్రరీ ఉంది. 2009లో క్లౌడ్‌కిక్ అనే సంస్థలో మొదలై, 2011లో అపాచీలో పూర్తి స్థాయి ప్రాజెక్టు అయింది. పదుల కొద్దీ క్లౌడ్ కంపెనీల సర్వర్లని ఒకే "నోడ్" క్లాసులో చూపించడం దాని పని. ఐడీ, పేరు, స్థితి, పబ్లిక్ ఐపీల జాబితా, ప్రైవేట్ ఐపీల జాబితా, సైజు, ఇమేజి ఉంటాయి. అన్ని కంపెనీలకీ కుదరని సంగతులన్నీ "ఎక్స్‌ట్రా" అనే డిక్షనరీలోకి వెళ్తాయి. స్థితుల్లో నాకు బాగా నచ్చింది "అన్‌నోన్". అవతలి కంపెనీ చెప్పింది తనకి అర్థం కాకపోతే, తెలియదు అని ఒప్పుకుంటుంది. మన ప్రాజెక్టు కోడ్‌లలో తెలియదు అనే జవాబుకి చోటే ఉండదు. తెలియనిదంతా ఫాల్స్ కింద తోసేస్తాం.

ఐపీ సంగతి ఇంకా ప్రమాదం. మా టీంలో ఒకడు సర్వరు ఐపీని జేసన్ ఫైల్లో రాసుకుని, దాన్నే సర్వరుకి గుర్తింపుగా వాడాడు. అమెజాన్‌లో మామూలు పబ్లిక్ ఐపీ ఉన్న సర్వరుని ఆపి మళ్లీ మొదలుపెడితే ఐపీ మారిపోతుంది. పాతది ఇంకెవరికో పోవచ్చు. రీఛార్జి చేయక వదిలేసిన సిమ్ నంబరు వేరేవాళ్లకి వెళ్లి, మన ఓటీపీలు వాళ్లకి పోయినట్టే. ఐపీ మారకుండా ఎలాస్టిక్ ఐపీ తీసుకుంటే దానికీ డబ్బే. 2024 ఫిబ్రవరి 1 నుంచి ప్రతి పబ్లిక్ ఐపీవీ4 అడ్రసుకీ గంటకి అర సెంటు తీసుకుంటున్నారు, వాడినా వాడకపోయినా. కాబట్టి గుర్తింపు అంటే ఐడీయే. ఐపీ అద్దింటి చిరునామా లాంటిది.

నేనింత గొడవ చేస్తుంటే మా సీనియర్ ఒకాయన నవ్వాడు. "సర్వరు వివరాలు చెప్పడం లైబ్రరీ పని, బిల్లు చెప్పడం కాదు. దానికి బిల్లింగ్ పేజీ ఉంది కదా" అన్నాడు. నిజమే. కానీ కొత్తగా నేర్చుకునేవాడు బిల్లింగ్ పేజీ ముందు తెరవడు, లైబ్రరీ ఇచ్చిన ఆబ్జెక్టుని ముందు ప్రింట్ చేస్తాడు. అక్కడ కనబడనిది వాడి దృష్టిలో లేనట్టే. అందుకే డబ్బు పడే వస్తువులు, అంటే డిస్కులు, స్థిరమైన ఐపీలు, "ఎక్స్‌ట్రా" అడుగున కాకుండా పైనే కనబడాలని నా వాదన. అన్ని కంపెనీలకీ సరిపోయే నోడ్ తయారు చేయడం కష్టమే, ఒప్పుకుంటాను. కానీ డిస్కు లేని సర్వర్లు ఎన్నుంటాయి చెప్పండి?

ఇంకో సంగతి, ఇది లైబ్రరీల తప్పు కూడా కాదు. మన చేతిలో ఉన్న ఆబ్జెక్టు సర్వరు కాదు, మనం అడిగిన క్షణంలో సర్వరు ఎలా ఉందో చెప్పే చీటీ. మార్కెట్లో తక్‌పట్టీ లాంటిది. దాని మీద రాసిన తూకం ఆ పూట తూకం. లిబ్‌క్లౌడ్‌లో డిస్ట్రాయ్ పిలిచాక కూడా మన దగ్గరున్న పాత నోడ్ రన్నింగ్ అనే చూపిస్తుంది, మళ్లీ జాబితా తెచ్చుకునేదాకా. బోటో3లో అయితే రీలోడ్ అని విడిగా అడగాలి. ల్యాబులో మనకి క్లాసులు నేర్పడానికి స్టూడెంటు, కారు, బ్యాంకు ఖాతా ఇస్తారు. వాటిని మన ప్రోగ్రాము తప్ప ఎవరూ మార్చరు. మనకి తెలియకుండా బయట మారిపోయే వస్తువుని క్లాసుగా రాయడం ఒక్క ల్యాబులో అయినా చేయించాలి. 2022 నవంబరు నుంచి అమెజాన్ రీజియన్ హైదరాబాదులోనే ఉంది, పేరు ఏపీ-సౌత్-2. మనం పట్టుకునే సర్వర్లు మన ఊళ్ల పక్కనే ఉన్నాయి, మన క్లాసులు మాత్రం ఇంకా కారు దగ్గరే ఆగాయి.

మా క్లాసుని తిరగరాశాను. బూలియన్ తీసేసి, "తెలియదు"తో కలిపి ఏడు స్థితులు పెట్టాను. ఐడీ తప్ప ఇంకేదీ గుర్తింపు కాదు. ఎప్పుడు చూసిన వివరమో తెలిసేలా టైం రాస్తున్నాను. ప్రతి సర్వరు కింద దానికి తగిలించి ఉన్న డిస్కులు, వాటి సైజులు కనబడతాయి. సర్వరు పోయాక ఒంటరిగా మిగిలిపోయిన డిస్కులకి విడిగా ఒక జాబితా ఉంది. మొదటిసారి నడిపినప్పుడు అందులో రెండు తేలాయి, పోయిన సెమిస్టరువి. నాన్నకి ఇంకా చెప్పలేదు.