కొట్టుకు వెళ్ళాలా, కొట్టంలోకి వెళ్ళాలా?

గుంటూరు వైపు అమ్మాయి కడప జిల్లా లింగాలకు కోడలిగా వచ్చిందనుకోండి. ఇంట్లో ఉప్పు నిండుకుంది. "అత్తయ్యగారూ, కొట్టుకెళ్ళి ఉప్పు తెస్తానండీ" అంటుంది. అత్తగారు నవ్వు ఆపుకోలేక "కొట్టంలో ఉప్పేముంటాదమ్మా, ఎనుములుంటాయి గానీ! అంగడికి పో" అంటుంది. ఇద్దరిదీ తెలుగే. ఇద్దరి మాటా ఒప్పే!

పులివెందుల, జమ్మలమడుగు పల్లెల్లో కొట్టం అంటే పశువులను కట్టేసే చోటు. కోస్తాలో కొట్టు అంటే దుకాణం, ఇంట్లో సామాన్లు దాచే చిన్న గది కూడాను. కన్నడంలో పశువుల పాకను కొట్టిగె అంటారు. తమిళులు కొట్టిల్, కొట్టగై అంటారు. వాళ్ళకు సినిమా ఆడే పాక కూడా కొట్టగైయే. చేత్తో కొట్టడానికీ దీనికీ చుట్టరికం లేదు లెండి.

సంస్కృతంలో కోష్ఠం అనే మాట ఉంది. ధాన్యం దాచే గది అని ఒక అర్థం, కడుపు అని ఇంకొకటి. కొట్టుకూ కడుపుకూ ఒకే పేరు పెట్టినవారెవరో గానీ, ఇల్లు నడిపిన మనిషే అయి ఉంటారు! కోష్ఠాగారమే మన కొఠారు. హిందీ కోఠీ కూడా ఆ ఇంటి బిడ్డే. కాకపోతే అది చిన్న గది స్థాయి దాటి పెద్ద మేడ అయి కూర్చుంది. హైదరాబాదులో బ్రిటిషు రెసిడెంటు ఉన్న మేడ వల్లే ఆ పేటకు కోఠీ అని పేరు. ఆ మేడలోని మహిళా కళాశాల 2022లో విశ్వవిద్యాలయమైంది.

మళ్ళీ మన ఇంటికి వద్దాం. పూర్వం కొట్టు గది తాళంచెవి ఎవరి కొంగున ఉంటే ఇంట్లో పెత్తనం వారిదే. వానలు మొహం చాటేసే సీమలో జొన్నలు, కొర్రలు, చింతపండు, శెనక్కాయలు వచ్చే పంట దాకా సరిపోతాయో లేదో లెక్క తెలిసింది ఆవిడకే. ఏ కాగితమ్మీదా రాయని లెక్క అది! ఇప్పుడు ఫ్లాట్లలో ముందుగా ఎగిరిపోయేది ఆ గదే. ఇంట్లో కొట్టు పోయింది, వీధి చివర కొట్టు మిగిలింది. అర కిలో పప్పుకీ పరుగే. ధర పెరిగిన రోజు చేతిలో నిల్వ లేక తిట్టుకునేదీ మనమే.

ఇల్లు కట్టించేటప్పుడు ప్లాను మగవాళ్ళకే వదిలెయ్యకండి. వంటింటిని ఆనుకుని నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు చోటు అడిగి మరీ పెట్టించుకోండి. చెక్కకైతే చెద భయం. కడప బండలతో అరలు వేయిస్తే ఆ బెంగ లేదు, తడిగుడ్డతో తుడిస్తే చాలు. పైన చిన్న కిటికీ, దానికి దోమల జాలీ తప్పనిసరి. బరువు డబ్బాలు కింది అరలో ఉంచండి. బియ్యం డబ్బాను గోడకు ఆనించకండి, చెమ్మ పడుతుంది. పప్పులను బాగా ఎండబెట్టి, చల్లారాక, నీడన ఆరిన వేపాకు గుప్పెడు వేసి మూత బిగించండి.