టర్బో కారు పికప్‌లో తడబడుతోందా? పార్ట్ మార్చే ముందు డేటా చూడండి

ఫోన్ కొనాలంటే మనం బెంచ్‌మార్క్ స్కోర్లు చూస్తాం. గేమ్ ఆడుతుంటే ఫ్రేమ్ రేట్ ఎక్కడ పడిపోయిందో గ్రాఫ్ తీసి మరీ వాదించుకుంటాం. అదే పది లక్షలు పోసి కొన్న కారు జర్క్ కొడితే మాత్రం, "ఏం పోయిందన్నా?" అని అడిగి, వాళ్లు చెప్పిన పార్ట్‌కి డబ్బులు కట్టేసి వస్తాం. నేనూ అలాగే కట్టేసేవాడినే. కొద్దిలో తప్పింది.

నాది 1 లీటర్ టర్బో పెట్రోల్ కారు. ఊరికి వెళ్లే రెండు లైన్ల రోడ్డు మీద ఒక లారీని దాటుదామని థర్డ్ గేర్‌లో గట్టిగా తొక్కాను. బండి కొంచెం ముందుకు దూకింది, ఆ తర్వాత ఊపిరి ఆగినట్టు నిలబడిపోయింది. ఎదురుగా బస్సు వస్తోంది. బ్రేక్ వేసి మళ్లీ లారీ వెనక్కి వచ్చేశాను. ఇంజిన్ తడబాటు అంటే చిన్న చికాకు అనుకునేవాళ్లు ఇలాంటి క్షణం ఒకటి చూస్తే చాలు.

సర్వీస్ సెంటర్‌లో స్కానర్ పెట్టారు. పీ0299 అని కోడ్ వచ్చింది. "టర్బో పోయింది సార్, 80 వేలు అవుతుంది" అన్నారు. ఆ మాట దగ్గరే నా అభ్యంతరం. పీ0299 అంటే టర్బో పోయిందని కాదు. ఇంజిన్‌కి రావాల్సినంత గాలి ఒత్తిడి రావడం లేదని మాత్రమే. ఎందుకు రావడం లేదో ఆ కోడ్ చెప్పదు. హోస్ పైపు పగిలి ఉండొచ్చు, క్లాంప్ వదులై ఉండొచ్చు, వేస్ట్‌గేట్ తెరుచుకునే ఇరుక్కుపోయి ఉండొచ్చు, సెన్సార్ తప్పు చెబుతుండొచ్చు. నిజంగా టర్బో కూడా పోయి ఉండొచ్చు. ఫోన్‌లో బ్యాటరీ త్వరగా అయిపోతోందని తెలియగానే మదర్‌బోర్డ్ మార్చేస్తామా? కోడ్ అంటే జ్వరం లాంటిది. రోగం పేరు కాదు.

డాంగిల్ ఒకటి, ఫ్రెండ్ ఒకడు

స్టీరింగ్ కింద డ్యాష్‌బోర్డ్‌లో 16 పిన్నుల ఓబీడీ పోర్ట్ ఉంటుంది. అమెరికాలో 1996 నుంచి కార్లన్నిటికీ ఓబీడీ-2 తప్పనిసరి. మన దగ్గర 2013 ఏప్రిల్ నుంచి. దానికి పెట్టే బ్లూటూత్ డాంగిల్ వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది. చాలావరకు ఇవి ఈఎల్ఎం327 చిప్‌కి కాపీలే. ఐఫోన్ వాడేవాళ్లు బ్లూటూత్ లో ఎనర్జీ ఉన్నది గానీ వైఫైది గానీ తీసుకోండి, పాత బ్లూటూత్ డాంగిల్స్ దానికి కనెక్ట్ కావు.

ఈ చౌక డాంగిల్స్‌తో ఒక తిరకాసు ఉంది. యాప్‌లో ఇరవై మీటర్లు ఒకేసారి పెట్టేస్తే ఒక్కో రీడింగ్ చాలా నెమ్మదిగా వస్తుంది. అర సెకను తడబాటు రెండు రీడింగుల మధ్య జారిపోతుంది. అందుకే నాలుగే పెట్టుకోండి: ఇంజిన్ ఆర్పీఎం, ఇన్‌టేక్ మానిఫోల్డ్ ప్రెషర్, థ్రాటిల్ పొజిషన్, ఇగ్నిషన్ టైమింగ్.

ముందుగా ఇంజిన్ స్టార్ట్ చేయకుండా కీ మాత్రం ఆన్ చేసి ప్రెషర్ చూడండి. అప్పుడు అది బయటి గాలి ఒత్తిడినే చూపించాలి. విశాఖ బీచ్ దగ్గర సుమారు 101 కిలోపాస్కల్, సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైన ఉన్న హైదరాబాద్‌లో సుమారు 95. అంకె ఎక్కడో ఉంటే ముందు సెన్సార్‌నే అనుమానించాలి.

తర్వాత ఖాళీ రోడ్డు మీద, ఇంజిన్ వేడెక్కాక, థర్డ్ గేర్‌లో 1500 ఆర్పీఎం నుంచి పూర్తిగా తొక్కి 4000 దాకా వెళ్లండి. ఫోన్ పక్క సీట్లో ఫ్రెండ్ చేతిలో ఉండాలి, మీ కళ్లు రోడ్డు మీదే ఉండాలి. లాగ్ ఇంటికొచ్చాక చూసుకోవచ్చు.

గ్రాఫ్ ఏం చెబుతుంది?

ప్రెషర్ నెమ్మదిగా మొదలై సాఫీగా పెరిగి, బండి కూడా దాంతోపాటే లాగితే అది టర్బో ల్యాగ్. రోగం కాదు, టర్బో స్వభావమే అంత. మీరు పూర్తిగా తొక్కినా థ్రాటిల్ ఆలస్యంగా తెరుచుకుంటుంటే ఎకో మోడ్ ఆఫ్ చేసి మళ్లీ చూడండి.

ప్రెషర్ ఒక చోటి దాకా పెరిగి అక్కడే ఆగిపోతే గాలి ఎక్కడో లీక్ అవుతోంది, లేదా వేస్ట్‌గేట్ సరిగా మూసుకోవడం లేదు.

ప్రెషర్ బాగానే ఉండి ఆర్పీఎం మాత్రం మిస్సింగ్ కొడుతుంటే స్పార్క్ ప్లగ్గులు, కాయిల్స్, ఫ్యూయల్ వైపు వెళ్లాలి. టర్బో ఒత్తిడిలో సిలిండర్ లోపల గాలి, పెట్రోల్ బాగా దట్టంగా ఉంటాయి. స్పార్క్ దూకాలంటే ఎక్కువ వోల్టేజ్ కావాలి. అరిగి గ్యాప్ పెరిగిన ప్లగ్ ఐడిల్‌లో బుద్ధిగానే ఉంటుంది, లోడ్ పడగానే చేతులెత్తేస్తుంది. షెడ్‌లో నిలబెట్టి రెండు సార్లు రేస్ చేసి "బాగానే ఉంది కదా" అంటే నమ్మొద్దనేది ఇందుకే. అన్నట్టు, చెక్ ఇంజిన్ లైట్ మిణుకు మిణుకుమంటుంటే టెస్టులు మానేసి బండి నెమ్మదిగా పక్కకి ఆపండి. మిస్‌ఫైర్ తీవ్రంగా ఉందని, క్యాటలిటిక్ కన్వర్టర్ పాడవుతుందని దాని అర్థం.

నా లాగ్‌లో ప్రెషర్ 130 దగ్గర గోడ కట్టినట్టు ఆగిపోయింది. అదే మోడల్ కారున్న ఫ్రెండ్‌ని అదే రోడ్డు మీదికి తీసుకెళ్లి చూస్తే అతనిది 170 దాటింది. ఆ రెండు గ్రాఫులు తీసుకుని ఇంకో మెకానిక్ దగ్గరికి వెళ్లాను. ఆయన ఇన్‌టేక్‌లోకి పొగ వదిలి చూశాడు. ఇంటర్‌కూలర్ హోస్ అడుగున, కంటికి కనిపించని చోట, చిన్న చీలిక నుంచి పొగ వచ్చింది. ఒత్తిడి పెరిగినప్పుడే అది నోరు తెరుస్తోంది. హోస్, కూలీ కలిపి 3 వేలు కూడా కాలేదు.

సర్వీస్ సెంటర్ వాళ్లు దొంగలని నేననడం లేదు. రోజుకి బోలెడు బళ్లు చూడాలి, చీలిక వెతకడం కన్నా పార్ట్ మార్చడం వాళ్లకి తేలిక. పైగా కంపెనీ స్కానర్‌లో కనిపించే వివరాలు మన డాంగిల్‌లో అన్నీ రావు. కాబట్టి మెకానిక్ పని మనం చేయడం కాదు, సరైన ప్రశ్న అడగడమే మన పని. "టర్బోనే అని ఎలా తేలింది? ప్రెషర్ టెస్ట్ చేశారా?" అని అడగండి. సమాధానం లేకపోతే సంతకం పెట్టకండి.

అసలు కోపం కార్ల కంపెనీల మీద. 10 అంగుళాల టచ్‌స్క్రీన్ పెడతారు, యాంబియంట్ లైట్‌కి 64 రంగులిస్తారు. ఇంజిన్‌కి ఏమైందో చెప్పాల్సి వస్తే మాత్రం ఒక్క పసుపు లైట్! డేటా అంతా కారులోనే ఉంది, స్క్రీన్ కూడా ఉంది, చూపించాలన్న మనసే లేదు. కార్ స్క్రీన్ల రివ్యూలు రాసే మాలాంటివాళ్లం కూడా ఈ మాట ఇన్నాళ్లూ అడగలేదు, ఆ తప్పు మాదే.

అప్పటిదాకా ఒక పని చేయండి. మీ బండి బాగా నడుస్తున్న ఈ రోజే ఒక లాగ్ తీసి దాచుకోండి. రేపు తడబడితే పోల్చుకోవడానికి అదే కావాలి. నాకు ఫ్రెండ్ కారు దొరికింది కాబట్టి సరిపోయింది. పని అయ్యాక డాంగిల్ పోర్ట్‌లోనే వదిలేయకండి, బ్యాటరీ తినేస్తుంది.