చేనుకు తుపాకీ కొందామా?

మొన్న అమీర్‌పేటలో మా వైపు రైతు ఒకాయన ఎదురుపడ్డాడు. కొడుకు అక్కడ హాస్టల్లో ఉండి కంప్యూటర్ కోర్సు నేర్చుకుంటున్నాడు. ఫీజు కట్టడానికి వచ్చాడనుకున్నా. కాదట. "రెండెకరాల మక్క. కంకి పాలు పోసుకునే ఏళకు పందులు పడ్డయి. రైఫిల్ కొని దాని మీద దుర్భిణి పెట్టించాలె. ఏది మంచిదో చెప్పన్నా" అన్నాడు. ఇద్దరం పంజాగుట్ట దాకా నడిచి, ఒక ఆటసామాన్ల దుకాణంలో ఎయిర్‌గన్ చూశాం. లైసెన్సు అక్కర్లేదు, పట్టుకుపొమ్మన్నాడు దుకాణదారు.

ఆ మాట నిజమే. 2016 ఆయుధ నియమాల ప్రకారం 4.5 మిల్లీమీటర్ల గొట్టం, 20 జౌళ్ల లోపు శక్తి ఉన్న ఎయిర్‌గన్‌కు లైసెన్సు లేదు. కానీ దానితో పంది చావదు. గాయపడిన పంది మనిషి మీదికొస్తుంది. మామూలు దుర్భిణికి వెలుతురు కావాలి, పందులు వచ్చేదేమో రాత్రి.

ఇక రైఫిల్. 1959 ఆయుధ చట్టం పంట కాపలాకని చెప్పింది గొట్టం మూతిలోంచి మందు దట్టించే తుపాకీని. అది చాలదని లైసెన్సు ఇచ్చే అధికారికి నమ్మకం కలిగితే, గొట్టం లోపల నునుపుగా ఉండే మరో తుపాకీ ఇవ్వొచ్చు. రైఫిల్ మాట అందులో లేదు. నన్నడిగితే అదే మంచిది. రైఫిల్ తూటా గురి తప్పితే ఎన్ని చేలు దాటి పోతుందో! పక్క మంచె మీద ఇంకో రైతు ఉంటాడు కదా.

సరే, తుపాకీకి లైసెన్సు వచ్చిందనుకోండి. పందిని కాల్చడానికి ఇంకో కాగితం కావాలి. 1972 వన్యప్రాణి చట్టం కింద అటవీ అధికారుల రాతపూర్వక అనుమతి లేనిదే కాల్చకూడదు. గాయపరిచినా, గురిపెట్టి ప్రయత్నించినా చట్టం లెక్కలో వేటే. ఈ సంగతి దుకాణంలో ఎవరూ చెప్పరు. కేసు పడితే పెట్టుబడితో పాటు కోర్టు ఖర్చూ రైతు మీదే.

విసిగిపోయి కొందరు కరెంటు తీగ లాగుతున్నారు. పందికి పెట్టిన తీగ తగిలి, చీకట్లో నీళ్లు కట్టబోయిన మనుషులు పోతున్నారు. ఈ పని మాత్రం వద్దు.

అధికారులకు నా మాట ఒకటే. అనుమతి ఇవ్వదలిస్తే కోత లోపు ఇవ్వండి, కాల్చడం వచ్చిన మనిషిని మీరే పంపండి. రెండెకరాల రైతు చేత తుపాకీ కొనిపించకండి.

అందాకా రాజేంద్రనగర్ శాస్త్రవేత్తలు చెప్పేవి చేసి చూడండి. వేరుశనగ చుట్టూ నాలుగు సాళ్లు ముళ్ల కుసుమ, మక్క చుట్టూ ఆముదం వేయాలి. మంగలి షాపుల్లో ఊడ్చిన వెంట్రుకలు గట్ల వెంట చల్లినా పనిచేస్తుంది. పంది వాసన చూస్తూ నడుస్తుంది, వెంట్రుకలు ముక్కులోకి పోయి చికాకుపడి మళ్లుతుంది. వాన పడితే మళ్లీ చల్లుకోవాలి. నూటికి నూరుపాళ్లు ఆగుతాయని నేననను.

హాస్టళ్లున్న చోట మంగలి షాపులకేం కొదవ? మా రైతు కొడుకును వెంటేసుకుని అమీర్‌పేట గల్లీలన్నీ తిరిగి, సాయంత్రానికి రెండు గోనెసంచుల వెంట్రుకలు పోగేశాడు. సంచుల్లో ఏముందో తెలిశాక బస్సు కండక్టరు మాత్రం గంటసేపు నవ్వాడట.