మూడో నెలలో సి షిఫ్టు

జంషెడ్‌పూర్ బిర్సానగర్ తెలుగిళ్లలో సి షిఫ్టు మర్యాద అందరికీ తెలిసిందే. రాత్రి పదికి వెళ్లి పొద్దున్న ఆరు దాటాక ఇల్లు చేరిన మగమనిషి పడుకున్నాడంటే టీవీ మూగబోవాలి. పిల్లల్ని వీధిలోకి తోలేస్తారు. తలుపు తట్టిన వాళ్లకు సైగలతోనే సమాధానం. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి తాతల కాలంలో ఉక్కు పనికి వచ్చిన కుటుంబాలు పగటి నిద్రను అలా కాపాడుతూ వచ్చాయి. ఇప్పుడు అదే ఇంటి కోడలు ఆస్పత్రిలో నైట్ డ్యూటీ దిగి వస్తోంది. ఆమె చేతికి మాత్రం ముందు పిల్లల టిఫిన్ డబ్బాలే అందుతున్నాయి. ఒట్టి మనిషి కాకపోయినా అంతే.

ఆడవాళ్లు రాత్రి పని చేయకూడదని ఎవరూ అనడం లేదు. ఆ రోజులు పోయాయి, పోవడమే మంచిదయింది. 1948 ఫ్యాక్టరీల చట్టం సాయంత్రం 7 తర్వాత వాళ్లను గేటు బయటే నిలిపింది. రక్షణ పేరుతో చాలా ఉద్యోగాలకు తలుపులు మూసింది. గనుల్లో అలాంటి నిషేధమే 2019లో సడలింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లు, స్త్రీ సమ్మతి ఉంటే ఏ సంస్థలోనైనా రాత్రి పని చేయవచ్చన్నాయి. నర్సుల సంగతి వేరు. వాళ్లను రాత్రిపూట రావద్దన్న చట్టం ఏనాడూ లేదు. ఊళ్లో కాన్పులు చేసే నర్సుల్లో కొందరు తామే కడుపుతో ఉండి తెల్లవార్లూ లేబర్ రూములో నిలబడ్డవారు.

ఇక వైద్యం ఏమంటోంది? డెన్మార్క్‌లో ప్రభుత్వ సర్వీసుల్లో, ఎక్కువగా ఆస్పత్రుల్లో, పనిచేసే 22,744 మంది గర్భిణుల జీతాల రికార్డులు పట్టుకుని 2019లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఎనిమిదో వారం దాటాక, ఒకే వారంలో రెండు లేదా అంతకన్నా ఎక్కువ నైట్లు చేసిన వారికి ఆ మరుసటి వారం గర్భస్రావం ముప్పు 32 శాతం ఎక్కువ కనిపించింది. అదే ఏడాది 62 అధ్యయనాలను కలిపి చూసిన మరో విశ్లేషణలో, షిఫ్టులు మారుతూ పనిచేసే తల్లులకు నెలలు నిండకుండా కాన్పు అయ్యే అవకాశం 13 శాతం, బిడ్డ ఉండాల్సిన దానికన్నా చిన్నగా పుట్టే అవకాశం 18 శాతం ఎక్కువని తేలింది. గుర్రపు వాతానికి దారితీయగల ప్రీఎక్లాంప్సియా మాత్రం ఏకంగా 75 శాతం ఎక్కువ.

ఈ అంకెలు చూసి గుండె బాదుకోనక్కర్లేదు. నైట్లు చేసిన తల్లుల్లో అత్యధికులకు పండంటి బిడ్డలే పుట్టారు. రాత్రి పని ఒక్కటే కారణమని ఇవి రుజువు చేయవు కూడా. అయితే చీకట్లో ఊరే మెలటోనిన్ రాత్రి దీపాల వెలుగులో తగ్గిపోతుంది, ఆ హార్మోను మాయ పనిలోనూ పాలుపంచుకుంటుంది కాబట్టి అనుమానం గాలిలోంచి పుట్టింది కాదు. పైగా జార్ఖండ్‌లో గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనత ఉన్నవారే. డెన్మార్క్ తల్లికి ఆ భారం ఇంత లేదు.

మన చట్టం ఎక్కడ మేల్కొంటుందో చూడండి. గర్భిణి అడిగితే శ్రమతో కూడిన పని, గంటల తరబడి నిలబడే పని చెప్పకూడదని 1961 ప్రసూతి చట్టం అంది. ఆ హక్కు మొదలయ్యేది కాన్పుకు సుమారు పది వారాల ముందు. దాని స్థానంలో వచ్చిన కొత్త సామాజిక భద్రతా కోడ్ కూడా ఆ గీతను జరపలేదు. డెన్మార్క్ అధ్యయనం చూపిన ముప్పు మూడో నెల నుంచే, మన రక్షణ ఏడో నెల దాటాకది! జపాన్‌లో గర్భిణి అడిగితే చాలు, నైట్ డ్యూటీ వేయకూడదని చట్టంలోనే ఉంది. చట్టం కోసం కాచుకోకుండా ముందడుగు వేయడం ఈ ఊరికి కొత్త కాదు. బొంబాయి ప్రెసిడెన్సీ ప్రసూతి చట్టం చేసింది 1929లో. టాటా స్టీల్ అంతకు ఏడాది ముందే, 1928లో, ప్రసూతి ప్రయోజనం ఇచ్చింది.

సమ్మతి అన్న మాట పర్మినెంటు ఉద్యోగికి ఒకలా, కాంట్రాక్టు మీద చేరిన పిల్లకు ఇంకోలా వినిపిస్తుంది. మూడో నెలని చెబితే వచ్చే నెల రోస్టరులో పేరే ఉండదేమోనని భయం. అందుకే కడుపు కనిపించేదాకా నోరు విప్పరు. అసలు జాగ్రత్త కావాల్సింది ఆ నెలల్లోనే.

కాన్పయ్యాక కూడా రాత్రి వదలదు. పసిబిడ్డ ఒంట్లో రాత్రీపగలూ లయ కుదరడానికి రెండు మూడు నెలలు పడుతుంది. అప్పటిదాకా తల్లి రాత్రి పాలలోని మెలటోనిన్ బిడ్డకు ఒక ఆసరా. యాభై మంది లేదా అంతకన్నా ఎక్కువ మంది పనిచేసే చోట క్రెష్ ఉండాలని 2017 సవరణ చెప్పింది. అది సి షిఫ్టులో తెరిచి ఉంటుందా?

మన సంఘంలో ఆస్పత్రుల్లో, కంపెనీల్లో పెద్ద హోదాల్లో ఉన్నవారు తక్కువేం కాదు. గర్భిణి చెప్పిన రోజు నుంచే రోస్టరులో నైట్లు తీసేయడం, నైట్ అలవెన్సు కోయకపోవడం వాళ్ల సంతకంతో అయ్యే పనులు. ఇంట్లో అత్తగారు చేయాల్సింది ఇంకా సులువు. కొడుకు పడుకున్నప్పుడు టీవీ ఆపిన రిమోటు ఆవిడ చేతిలోనే ఉంది.