పురుగు పేరు, పుట్టిన ఊరు

జీరంగిని పట్టి అగ్గిపెట్టెలో పెట్టి, తుమ్మాకు మేపి, గుడ్లు పెట్టిందా లేదా అని గంటకొకసారి తెరిచి చూడనివారు మన హుస్నాబాద్ ప్రాంతపు విద్యార్థులలో ఎంతమంది ఉంటారు? ఆ అగ్గిపెట్టే మనలో చాలామందికి మొదటి మ్యూజియం. కాని అందులో ఒక లోపముండేది. ఆ పురుగు ఏ చెట్టు మీద, ఏనాడు దొరికిందో మనం రాసిపెట్టుకోలేదు. నాలుగు రోజులకు అది చచ్చేది. పెట్టె పారేసి మళ్ళీ ఆటల్ల పడేవాళ్ళం.

ఆ లోపం చిన్నది కాదని నాకు తెలిసింది తృణమణిలో దొరికే పురుగులను గూర్చి చదివినప్పుడు. తృణమణి అంటే అంబర్. చెట్టు గాయం నుండి కారేవన్నీ ఒక్కటి కావు. తుమ్మబంక నీళ్ళలో కరుగుతుంది, వానకు కొట్టుకపోతుంది. గుగ్గిలం నీళ్ళకు కరగదు. అలాంటి జిగురులో ఒక పురుగు చిక్కి, ఆ జిగురు మట్టిలో కూరుకపోయి, కోట్ల ఏళ్ళకు రాయివలె గట్టిపడితే అదే తృణమణి. గుజరాత్‌లో సూరత్ దగ్గరి వస్తాన్ లిగ్నైట్ గనిలో సుమారు 5 కోట్ల ఏళ్ళనాటి తృణమణి దొరికింది. అది మన గుగ్గిలం చెట్టు కుటుంబానికి చెందిన చెట్ల జిగురే. అందులో నూరుకు పైగా జాతుల పురుగులున్నాయని 2010లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. గనివాళ్ళకు కావలసింది బొగ్గు. ఎవరో ఒకరు వంగి ఆ పసుపుపచ్చని ముక్కలు ఏరకపోతే ఆ చరిత్ర అంతా పొయ్యిలోకి పోయేది!

అటువంటి ముక్కలో ఒక కొత్త పెంకు పురుగు కనిపించిందనుకోండి. ముక్కను అరగదీసి, మెరుగుపెట్టి సూక్ష్మదర్శిని కింద పెడతారు. మీసాలకెన్ని కణుపులు, పాదానికెన్ని ముక్కలు, పెంకు మీద గీతలెట్లున్నవి, అన్నీ లెక్కిస్తారు. ఇంతవరకు పేరు పెట్టిన పెంకు పురుగుల జాతులే దాదాపు 4 లక్షలు. వాటిలో దగ్గరివాటితో పోల్చి, ఇది వేరు అని రుజువు చేయాలి. అప్పుడు గాని రెండు మాటల పేరు పెట్టరాదు. 1758లో లినేయస్ గ్రంథం నుండి లెక్కించే పద్ధతి ఇది. ఆ పేరుకు ఆధారంగా ఒక నమూనాను నిర్ణయిస్తారు. భూమికి సర్వే రాయి ఎట్లనో పేరుకు ఆ నమూనా అట్ల. తగాదా వచ్చినప్పుడు అందరూ పోయి చూడవలసింది దాన్నే.

నా అభిప్రాయమంతా ఇక్కడే ఉన్నది. నలుగురు చూడలేనిచోట ఉన్న నమూనా, ఊరు పేరు చెప్పని నమూనా శాస్త్రానికి సగం చచ్చినట్టే.

బర్మా తృణమణి సంగతి చూడండి. 2019లో చైనా శాస్త్రజ్ఞులు ఆంజిమోర్డెల్లా బర్మిటినా అనే పెంకు పురుగును వర్ణించారు. అది 9 కోట్ల 90 లక్షల ఏళ్ళనాటిది. దాని ఒంటి మీద 62 పుప్పొడి రేణువులు అంటుకొని ఉన్నాయి! పూలకు, పురుగులకు గల స్నేహం ఎంత పాతదో ఆ రేణువులు సాక్ష్యం చెప్పినవి. కాని ఆ తృణమణి వచ్చే కచిన్ రాష్ట్రపు హుకాంగ్ లోయ అంతర్యుద్ధపు గడ్డ. 2017లో అక్కడి గనులను సైన్యం స్వాధీనం చేసుకున్నది. ఆ తర్వాత బయటికి వచ్చిన నమూనాల మీద వ్యాసాలు వేయవద్దని 2020లో వెన్నెముక జంతువుల శిలాజ శాస్త్రజ్ఞుల సంఘం పత్రికలను కోరింది. పురుగుకు పేరు దక్కింది. దాన్ని తవ్విన కూలివాని పేరు ఎక్కడున్నది?

"గీ పురుగు పేరు తెలుస్తె మనకేమొస్తది బిడ్డా, చేన్ల పురుగు చస్తె చాలుగాని" అన్నడు మా బాపు. అది రైతు మాట, తీసిపారేయరాదు. కాని మన చేన్లనే చూడండి. అక్షింతల పురుగు అని మనం ఒకే పేరుతో పిలిచేవి రెండు రకాలున్నవి. నున్నగా మెరిసేది పేనుబంకను తిని పంటను కాపాడుతుంది. సన్నని నూగుతో మాసినట్టుండేది వంగ ఆకును గీకి తింటుంది. ఒకటి చుట్టం, ఒకటి దొంగ. తేడా తెలియక మందు కొట్టితే చుట్టమే ముందు చస్తది. ఈ మాట చెప్పినంక బాపు కొంచెం ఆలోచించి, "అయితే నాక్కూడ చూపియ్యి" అన్నడు.

ఇక మన సంగతి. కాళేశ్వరం అవతల, సిరొంచ దగ్గర ప్రాణహిత ఒడ్డున కోట అనే గ్రామమున్నది. జురాసిక్ కాలపు రాతిపొరలకు ఆ ఊరి పేరే పెట్టారు. ఆ సున్నపురాళ్ళలో చేపలు, పురుగుల అచ్చులు దొరికినవి. అవే పొరలలో ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామనపల్లిలో దొరికిన రాక్షసిబల్లికి 1988లో యాదగిరి గారు కోటాసారస్ యామనపల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. ఒక పల్లె పేరు ప్రపంచ శాస్త్రంలో నిలిచింది! ఆ అస్థిపంజరాన్ని హైదరాబాదులో బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబెట్టారు. మనలో ఎందరు చూసినాం?

దేవునికి పెంకు పురుగుల మీద మక్కువ ఎక్కువని చమత్కరించినట్టు చెప్పుకొనే హాల్డేన్ 1957లో మన దేశానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. 1964లో చనిపోతూ తన దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాల విద్యార్థులకు రాసి ఇచ్చాడు. నమూనా అందరిదీ కావాలనేది ఆయన తన ఎముకలతో చెప్పిన పాఠం.

నేను లోగడ చదివిన ఒకచోట బీరువాలో మంచి శిలాజపు రాయి ఒకటుండేది. చీటీ ఊడిపోయింది. ఎవరు తెచ్చినరో, ఎక్కడిదో చెప్పేవారు లేరు. చివరికి అది తలుపుకు అడ్డం పెట్టే రాయైంది.

కనుక విద్యార్థి సంఘానికి నాదొక మనవి. వార్షికోత్సవపు ఖర్చులో కొంత తగ్గించి తాళమున్న బీరువా ఒకటి, గట్టి అట్ట రిజిస్టరు ఒకటి కొందాం. ప్రతి విద్యార్థి తన ఊరి నుండి ఒక పురుగో, ఒక రాయో తెచ్చి ఊరు, తేదీ, తెచ్చినవారి పేరు రాయించాలి. బావి తవ్వినప్పుడు దొరికితే తవ్వినవారి పేరు ముందు రాయాలి. కొత్త జాతి దొరుకుతుందా అంటే అది మన చేతిలో లేదు. చీటీ రాయడం మాత్రం మన చేతిలోనే ఉన్నది. మొదటి పేజీలో రాయించడానికి నేను జీరంగిని తెస్తాను. ఈసారి అగ్గిపెట్టె పారేయను.